ఎండలోనే పెట్టండి బండి!

ఎండాకాలం వచ్చిందంటే బండి పెట్టడానికి చెట్టునీడ వెతుక్కోవడం మనకి అలవాటు. సోలార్ చార్జింగ్ స్టేషన్ కట్టే ఇంజినీరు వెతికేది మాత్రం ఎండని! చెట్టూ, మేడా, వాటర్ ట్యాంకూ... ఏదీ అడ్డురాని జాగా కావాలతనికి. వరసగా కలిపిన ప్యానెళ్లలో ఒకదానిమీద నీడ పడినా మొత్తం ఉత్పత్తి తగ్గిపోవచ్చు మరి.

ప్యానెళ్లు పెట్టి, వైరు లాగి, ప్లగ్గు తగిలిస్తే అయిపోదా అనిపిస్తుంది. చిక్కంతా లెక్క దగ్గరే. మన తెలుగు రాష్ట్రాల్లో ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకి సగటున 4 యూనిట్లు ఇస్తాయి. కారు నిలిపే చోటు 8 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు అనుకుంటే దానిమీది కప్పుకి రెండు కిలోవాట్లు పడతాయి. అంటే 8 యూనిట్లు. దాంతో చిన్న ఎలక్ట్రిక్ కారు 50 కిలోమీటర్లు అటూఇటూగా తిరుగుతుంది. ఆఫీసుకెళ్లి వచ్చేవారికి భేషుగ్గా సరిపోతుంది. అదే హైవే పక్కన, టీ తాగి వచ్చేలోగా బ్యాటరీ నిండాలంటే? ఒక్క ఫాస్ట్ చార్జరే 60 కిలోవాట్లు లాగుతుంది. అలాంటి కప్పులు 30 కావాలి. అదీ మిట్టమధ్యాహ్నం, మబ్బు లేనప్పుడు! బోర్డుమీద సూర్యుడి బొమ్మ ఎంత పెద్దగా వేసినా అక్కడ పని చాలావరకు కరెంటు స్తంభానిదే.

పోనీ, కారు నెత్తినే ప్యానెళ్లు పెట్టేస్తే? చిన్న కారుమీద అర కిలోవాట్ కూడా పట్టదు. రోజంతా ఎండలో ఉంచితే వచ్చేది పది కిలోమీటర్ల లోపే.

అసలు కష్టం ఆటోవాళ్లది. ఎండ ఉన్నంతసేపూ ఆటో రోడ్డుమీద తిరగాలి, లేకపోతే ఆ రోజు కిరాయి పోయినట్టే. తీరిక దొరికేది రాత్రి. అప్పుడు సూర్యుడుండడు. పగటి కరెంటుని స్టేషన్లోనే పెద్ద బ్యాటరీల్లో దాచవచ్చు గానీ ఖర్చు తడిసిమోపెడవుతుంది. గ్రిడ్డుని బ్యాంకులా వాడుకోవడం ఇంకో దారి... పగలు మిగిలింది జమ, రాత్రి వాడింది ఖర్చు. వీటన్నిటికన్నా బ్యాటరీ మార్పిడి మేలు. ఒక బ్యాటరీతో ఆటో ఊరంతా తిరుగుతుంటే రెండోది స్టేషన్లో ఎండకి చార్జవుతూ ఉంటుంది. డ్రైవరు వచ్చి ఖాళీది ఇచ్చి నిండుది పెట్టించుకుని నిమిషాల్లో వెళ్లిపోతాడు. కాకపోతే బ్యాటరీలన్నీ ఒకే కొలతలో ఉండాలి. అందుకు కంపెనీలు కలిసిరావాలి!

ఇంకో సంగతి. ప్యానెళ్లకి వెలుగు కావాలి గానీ వేడి గిట్టదు. 25 డిగ్రీలు దాటాక పెరిగే ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి సుమారు 0.35 శాతం తగ్గుతుంది. మే నెలలో రామగుండంలో ప్యానెల్ 65 డిగ్రీలకి కాగిందంటే ఏడో వంతు కరెంటు గల్లంతే. అందుకే కింద గాలి ఆడేలా కప్పు ఎత్తుగా కడతారు. విశాఖలాంటి చోట ఆ ఎత్తే భయం. గాలివానకి తెరిచిన గొడుగులా లేచిపోగలదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను చూసినవారికి చెప్పక్కర్లేదు. ప్యానెళ్ల ధరలో బేరమాడినా పునాది కాంక్రీటులో మాత్రం పొదుపు పనికిరాదు.

కేంద్ర విద్యుత్ శాఖ 2024 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా చార్జింగ్ కరెంటు చవగ్గా, మిగతా వేళల్లో ఖరీదుగా ఉండాలన్నాయి. సరిగ్గా ఆ వేళల్లో బండ్లు కదలకుండా నిలబడేది ఆఫీసులూ, కాలేజీలూ, రైల్వే స్టేషన్ల దగ్గరే. అక్కడి పార్కింగుల్లో చాలావాటికి ఇప్పటికీ ఉన్నది రేకుల కప్పే!