చుట్టపుచూపుగా చూడవలసిన దీవి

అండమాన్ పేరు మన జిల్లా తీరం ఊళ్లకు కొత్త కాదు. ఇచ్ఛాపురం మొదలు ఎచ్చెర్ల దాకా సముద్రం పక్కనున్న ఏ ఊరికి వెళ్లినా "మావాడొకడు అండమాన్‌లో ఉన్నాడు" అనే ఇల్లు ఒకటైనా తగులుతుంది. వేటకు వెళ్లినవారు, కూలికి వెళ్లినవారు, అక్కడే స్థిరపడి పిల్లలకు పెళ్లిళ్లు చేసినవారు ఎందరో ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో 3 లక్షల 80 వేల మంది ఉండగా, తెలుగు మాతృభాషగా గలవారు 50 వేల పైచిలుకు. అంటే ఏడెనిమిది మందిలో ఒకరు మనవారే. అయినప్పటికీ మన వైపు నుంచి అండమాన్ చూడబోయేవారు సెల్యులార్ జైలు చూసి, స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన హేవ్‌లాక్‌లో తెల్ల ఇసుక మీద ఫోటోలు దిగి, తిరిగి వచ్చేస్తున్నారు. అక్కడి పల్లె ఎలా ఉంటుందో చూసి వచ్చినవారు అరుదు.

సంక్రాంతి వెళ్లిన తరువాత ఈ వ్యాసకర్తకు లిటిల్ అండమాన్ దీవిలో పది రోజులు ఉండే అవకాశం కలిగింది. మా పినతండ్రి నలభై ఏళ్లుగా అక్కడే ఉన్నాడు. చూసిందీ విన్నదీ మన పాఠకుల ముందు పెట్టడం అవసరమనిపించింది. ఎందుకంటే ఆ దీవి భవిష్యత్తు గురించి పెద్దవాళ్లు పెద్ద కాగితాలు రాస్తున్నారు. అక్కడ బతుకుతున్నవారిలో మన చుట్టాలు ఉన్నారు.

ఓడ వస్తేనే కూరగాయలు

విశాఖపట్నం నుంచి ఓడలో దాదాపు మూడు రోజులు ప్రయాణం చేస్తే రాజధాని వస్తుంది. పోర్ట్ బ్లెయిర్ అని మనం పిలిచే ఆ పట్నానికి 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురం అని పేరు మార్చారు. అక్కడి నుంచి దక్షిణంగా సుమారు 120 కిలోమీటర్ల దూరంలో ఉంది లిటిల్ అండమాన్. మరో ఓడ ఎక్కి ఏడెనిమిది గంటలు కూర్చుంటే హట్‌బే రేవు చేరుతాం. ఆ దీవికి రేవూ, బజారూ, ఆఫీసులూ అన్నీ ఈ హట్‌బేయే.

రేవులో దిగగానే బెంగాలీ, హిందీ, తమిళం, తెలుగు ఒక్కసారిగా చెవిన పడ్డాయి. మా పినతండ్రి నా చేతిలోని సంచి అందుకుని "చింతపండు తెచ్చావా, లేదా?" అని మొదట అడిగాడు. తెచ్చానన్నాక గాని ఇంటిదగ్గర అందరూ కులాసాయేనా అని అడగలేదు. ఆ మాటలోని కష్టం నాలుగు రోజులు పోయాక నాకు అర్థమైంది. బియ్యం, పప్పు, ఉల్లిపాయ, మందుబిళ్ల, అన్నీ ఓడ మీదనే రావాలి. గాలివాన పట్టి ఓడ ఆగిపోతే బజారులో ధర రెట్టింపు చెబుతారు. పెద్ద జబ్బు చేస్తే రాజధానికి పోవాలి. పోవడానికి ఓడ ఉండాలి. అక్కడివారి మొదటి కోరిక హోటలు కాదు, తప్పకుండా వచ్చే ఓడ.

అడవి, తోట, ఊరు

హట్‌బే నుంచి ఉత్తరంగా ఒకే రోడ్డు పోతుంది. ఊళ్లకు పేర్లున్నా అక్కడివారు "11వ కిలోమీటరు", "14వ కిలోమీటరు" అనే అంటారు. నేతాజీనగర్, రామకృష్ణపురం, రవీంద్రనగర్, వివేకానందపురం అనే ఊళ్లు ఈ రోడ్డు మీదనే ఉన్నాయి. తూర్పు బెంగాల్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన కుటుంబాలకు ప్రభుత్వం ఇక్కడ భూములిచ్చింది. ఇంటి ముందు చిన్న చెరువు, చెరువు గట్టున అరటి, వాకిట్లో ఎండబోసిన వక్కలు, వెనుక కొబ్బరి. మన ఉద్దానం మనిషిని కళ్లకు గంతలు కట్టి తీసుకుపోయి అక్కడ నిలబెడితే, కవిటి దగ్గరి ఏ ఊరో అనుకుంటాడు. హట్‌బేకు ఇవతల హర్మిందర్ బేలో నికోబారు వారి ఊరు ఉంది. పక్కకు ఒరగకుండా పక్కదుంగ కట్టిన వారి పడవను అక్కడ హోడి అంటారు. మన తెప్ప తోసినవాడికి ఆ పనితనం చూస్తే చేతులు కట్టుకుని నిలబడాలనిపిస్తుంది.

ఏడాదికి దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన పడే నేల అది. మన జిల్లాలో పడేదానికి రెండు రెట్లకు మించి. అందుకే అడవి అంత దట్టంగా ఉంటుంది. గర్జనం చెట్టు కింద నిలబడి తల ఎత్తితే తలపాగా జారిపోవలసిందే. పులి లేదు, ఎలుగుబంటి లేదు. అడవిపంది ఉంది, ఉడుము ఉంది, ఉప్పుకయ్యల్లో మొసలి ఉంది. హట్‌బేకు ఆరేడు కిలోమీటర్లలో ఒక జలపాతం ఉంది. బట్లర్ బే దగ్గర అలలు ఎంత బలంగా లేస్తాయంటే, పలక వేసుకుని అల మీద తేలే ఆట ఆడడానికి విదేశాల నుంచి కుర్రవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. నేనున్న రోజున ఆ పొడుగాటి ఇసుక మీద నాతో కలిపి అయిదుగురం. చలికాలంలో సాయంత్రం అయిదు దాటితే పొద్దు కుంగిపోతుంది. ఆరింటికల్లా ఊరంతా అన్నాలకు కూర్చుంటుంది.

"ఇక్కడేటుందిరా చూడ్డానికి?" అని పినతండ్రి రోజూ అడిగేవాడు. ఆయనకది రోజూ చూసే అడవి, రోజూ దిగే నీరు. చూడవలసినది అదేనని చెబితే నవ్వాడు.

2004 డిసెంబరు 26 గురించి మాత్రం ఆయన నవ్వకుండా చెప్పాడు. ఆనాటి సునామీ కెరటానికి రేవు పక్కనున్న వాళ్ల ఇల్లు పునాదితో సహా పోయింది. ఆ తరువాత ఎత్తైన చోట ప్రభుత్వం కట్టించిన ఇళ్లలోకి మారారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఒక్క రాత్రిలో కొబ్బరిచెట్లను పడగొట్టాక మన ఉద్దానం రైతు ఎలా కూలబడ్డాడో మనకు తెలుసు. అందుచేత అక్కడివారి బాధ మనకు విడమరిచి చెప్పనక్కరలేదు.

దాటరాని గీత

ఈ దీవి అసలు వారసులు ఓంగేలు. 1901లో వారు 672 మంది. 2011 నాటికి మిగిలింది 101 మంది. డుగాంగ్ క్రీక్ అనే చోట ఉంటున్నారు. దీవి విస్తీర్ణం సుమారు 700 చదరపు కిలోమీటర్లు కాగా, అందులో 450 చదరపు కిలోమీటర్లు వారికి కేటాయించిన అడవి. అనుమతి లేనిదే అందులో అడుగు పెట్టడం నేరం. సునామీ నాడు సముద్రం వెనక్కి పోవడం చూసి ఓంగేలు ఎత్తు ప్రదేశానికి వెళ్లిపోయి ప్రాణాలు దక్కించుకున్నారు. బడి చదువు లేనివారని మనం అనుకునేవారికి ఉన్న తెలివి అది.

వారిలో ఒకరిద్దరు బజారుకు వస్తే నేను ఫోను తీయబోయాను. పిన్ని నా చెయ్యి పట్టుకుని "తప్పు నాయనా, మన ఆడపిల్లలను దారినపోయేవాడు ఫోటో తీస్తే ఊరుకుంటామా?" అంది. సిగ్గుపడి లోపల పెట్టేశాను. ఈ ముక్క ఆ దీవికి పోదలచిన ప్రతివారూ గుర్తు పెట్టుకోవాలి. మనుషులు జంతుప్రదర్శనశాల కాదు.

కుర్రవాడి ప్రశ్న

లిటిల్ అండమాన్ అభివృద్ధికి నీతి ఆయోగ్ తయారుచేసిన ఒక పత్రం సంగతి 2021 ఆరంభంలో పత్రికలకెక్కింది. దీవిలో సుమారు 240 చదరపు కిలోమీటర్ల మేర, అంటే మూడో వంతు, కొత్త నగరం, విమానాశ్రయం, ఆసుపత్రుల సముదాయం, వినోద కేంద్రాలు కట్టవచ్చునని అందులోని ఊహ. ఇందుకు ఓంగేల అడవిలో కొంత భాగాన్ని రక్షణ జాబితా నుంచి తొలగించాలట. ఇరవై లక్షలకు పైగా చెట్లు పోతాయని అటవీశాఖ అధికారే అభ్యంతరం రాశారు. ఇది కాగితం మీది మాటే గదా అనడానికి వీల్లేదు. అక్కడికి దక్షిణంగా గ్రేట్ నికోబార్‌లో ఓడరేవు, పట్టణ పథకానికి 2022 నవంబరులో పర్యావరణ అనుమతి ఇచ్చారు.

పినతండ్రి మనవడికి పదిహేడేళ్లు. ఒకరోజు చెరువుగట్టు మీద కూర్చుని అడిగాడు: "బాబాయ్, పెద్ద హోటళ్లు వస్తే మాకు ఉద్యోగాలొస్తాయంటున్నారు, నిజమేనా?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వద్దని చెప్పడం, పది రోజులుండి పోయే నాకు తేలిక. వాడికి అక్కడ చదువు ఇంటరు దాటితే ఓడ ఎక్కాలి. పని కావాలన్నా ఓడ ఎక్కాలి. వాడి ఆశను తప్పు పట్టడం న్యాయం కాదు. అయితే మన తీరంలో ఒక పెద్ద పనికి భూములిచ్చిన ఊరిని నేను ఎరుగుదును. ఇంటికో ఉద్యోగం అన్నారు. చివరకు గేటు దగ్గర కాపలా, తోట ఊడ్చే పని దక్కాయి. జీతం పెద్ద కుర్చీలలో కూర్చున్నవారు బయటి నుంచి వచ్చారు. అదే వాడికి చెప్పాను.

లిటిల్ అండమాన్ కూడా ఇలాంటి పాఠం ఒకటి నేర్చుకునే ఉంది. 1970 దశకంలో అడవి నరికి సుమారు 1600 హెక్టార్లలో ఎర్ర పామాయిల్ తోట వేయడం మొదలుపెట్టారు. ఎందరికో కూలి దొరికిన మాట నిజమే. కాని అడవి భూమిలో ఇలాంటి తోటలు పెంచరాదని, ఉన్నవాటిని క్రమేణా ఎత్తివేయాలని 2002లో సుప్రీంకోర్టు ఉత్తర్వులిచ్చింది. తోట పని పోయింది, నరికిన అడవి తిరిగి రాలేదు. పై నుంచి వచ్చిన పథకం పైవాళ్లు వెళ్లిపోతే నిలవదని దీన్నిబట్టి తెలుస్తున్నది.

ఊరివారి చేతిలో ఉండాలి

అలాగని ఎవరూ ఆ దీవికి పోకూడదని నా అభిప్రాయం కాదు. పోవాలి. అయితే చుట్టపుచూపుగా పోయినట్టు పోవాలి. చుట్టం ఇంట్లో ఉన్నదే తింటాడు, పోయవద్దన్న గదిలోకి పోడు, వెళుతూ పిల్లల చేతిలో ఏదో పెట్టి వెళతాడు. నేతాజీనగర్‌లోనో హట్‌బేలోనో ఊరి ఇళ్లలో ఒక గది శుభ్రం చేసి ఇస్తే, అన్నం వండి పెడితే, అక్కడి కుర్రవాళ్లే దారి చూపిస్తే, వచ్చిన డబ్బు ఊళ్లోనే ఉంటుంది. అందుకు అడవి కొట్టనక్కరలేదు. కావలసింది వేళకు ఓడ, డాక్టరున్న ఆసుపత్రి, కుర్రవాళ్లకు కాస్త శిక్షణ. ప్రభుత్వం కొత్త నగరం గురించి ఆలోచించే ముందు ఈ మూడూ చేసి చూపించాలి.

దీవికి పోయేవారు జనవరి నుంచి ఏప్రిల్ లోపు పోవడం మంచిది, సముద్రం నెమ్మదిగా ఉంటుంది. తిరుగు ఓడ టిక్కెట్టు చూసుకుని, రెండు రోజులు అదనంగా చేతిలో పెట్టుకోవాలి. మొసలి ఉందని బోర్డు పెట్టిన చోట నీళ్లలో దిగకూడదు. అందంగా ఉందని పగడపు ముక్క సంచిలో వేసుకోరాదు, అది కూడా నేరమే.

ఇది దూరదేశపు సంగతని మనం తీసిపారేయడానికి వీల్లేదు. ఆ దీవి పడమటి, దక్షిణపు ఒడ్డుల్లో లెదర్‌బ్యాక్ అనే పెద్ద జాతి తాబేళ్లు గుడ్లు పెడతాయి. కొన్నిటి వీపు మీద పరికరం అమర్చి చూస్తే, అవి ఆస్ట్రేలియా వైపు, ఆఫ్రికా వైపు వేల కిలోమీటర్లు ఈదిపోయాయని తేలింది. మన ఒడ్డుకూ ఏటా తాబేళ్లు వస్తున్నాయి. తేలినీలాపురానికి గూడబాతులు, కొంగలు వస్తున్నాయి. ఆ ఊరివారు వాటిని తరతరాలుగా ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటున్నారు. పక్షి రాకపోతే ఊరికి మంచిది కాదని నమ్ముతారు. ఆ పక్షులను చూడవచ్చేవారికి ఆ ఊరి కుర్రవాడే దారి చూపి, ఆ ఊరి ఇల్లాలే అన్నం పెట్టి నాలుగు రూపాయలు సంపాదించే ఏర్పాటు మన జిల్లాలో ఎంతవరకు జరిగిందో పంచాయతీలు, అధికారులు ఆలోచించాలి. ఇక్కడ చేసి చూపించగలిగితే అక్కడి మనవారికి ధైర్యంగా చెప్పగలుగుతాం.

ఓడ కదిలేటప్పుడు మనవడు రేవు మీద నిలబడి "మన ఊరివాళ్లు ఎవరైనా వస్తే నేనే తిప్పి చూపిస్తాను బాబాయ్, చెప్పు" అని అరిచాడు. చెబుతానన్నాను. అందుకే ఇది రాశాను.