జడ్జిగారి కాగితాలు, జడ్జిగారి అగ్గిపెట్టె

1971. అమెరికా సుప్రీంకోర్టులో 34 ఏళ్లు కూర్చున్న హ్యూగో బ్లాక్ జబ్బుపడ్డారు. ఇక లేవనని తెలిశాక కొడుక్కి ఒక పని అప్పగించారు. తోటి జడ్జీల సమావేశాల్లో తాను రాసుకున్న నోట్సు తగలబెట్టమన్నారు. కొడుకు తండ్రి మాట జవదాటలేదు. బ్లాక్ గొప్ప న్యాయమూర్తే, వాక్‌స్వాతంత్ర్యం కోసం నిలబడినవాడే. అయినా ఆ పనిని నేను దొంగతనం అనే అంటాను. అంతకంటే మర్యాదైన మాట కావలసినవాళ్లు నిఘంటువు వెతుక్కోవచ్చు.

ఎందుకు దొంగతనమో చెబుతాను. ఆ కోర్టులో వాదనలు విన్నాక తొమ్మిదిమంది ఒక గదిలో తలుపేసుకుని కూర్చుంటారు. గుమాస్తా ఉండడు, స్టెనో ఉండడు. ఎవరైనా తలుపు తడితే అందరికంటే జూనియర్ జడ్జే లేచి వెళ్లి తీస్తాడు. లోపల ఎవరు ఏ వాదనకు లొంగారు, ఎవరు మాట మార్చారు అన్నదానికి మిగిలే సాక్ష్యం ఆ తొమ్మిదిమంది రాసుకున్న ముక్కలే. ఆ గది జనానిది, ఆ జీతం జనానిది, అక్కడ తేలేది జనం బతుకు. కాగితం మాత్రం జడ్జిగారి సొంతమట!

చట్టం ఏమంటుందంటారా? ఏమీ అనదు. నిక్సన్ టేపుల భాగోతం చూశాక 1978లో అమెరికా కాంగ్రెస్ అధ్యక్షుల అధికారిక కాగితాలన్నీ ప్రజల ఆస్తి అని చట్టం చేసింది. జడ్జీల జోలికి మాత్రం పోలేదు. వాళ్లు దాచుకోవచ్చు, పంచిపెట్టవచ్చు, పొయ్యిలో పెట్టవచ్చు. 2025లో కన్నుమూసిన డేవిడ్ సూటర్ తన కాగితాలను న్యూహాంప్‌షైర్ చరిత్ర సంఘానికి ఇచ్చి, తాను పోయాక 50 ఏళ్లు తెరవకూడదని షరతు పెట్టారు. అంటే 2075. ఆ తీర్పుల కింద నలిగినవాళ్లు అప్పటికి ఎంతమంది మిగులుతారు?

ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్ వీళ్లకు పూర్తిగా వేరు. 1914 నుంచి హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చెప్పిన ప్రొఫెసర్. సాకో, వాంజెటీలకు మరణశిక్ష వేసిన విచారణను 1927లో అచ్చులో చీల్చి చెండాడినవాడు. 1939లో సుప్రీంకోర్టుకెక్కి 1962 దాకా ఉన్నాడు. ఉత్తరం రాయనిదే పొద్దుపోయేది కాదు. డైరీలూ రాశాడు. వాటిలో ఆయన అహంకారం, రూజ్‌వెల్ట్ దగ్గర చనువు, గిట్టనివాళ్ల మీద కసి అన్నీ కనిపిస్తాయి. హిట్లర్ యుద్ధం నడుస్తున్న రోజుల్లో బ్లాక్, డగ్లస్ తదితర తోటి జడ్జీలకు ఆయన పెట్టుకున్న ముద్దుపేరు 'అక్షరాజ్యాలు', అంటే హిట్లర్ జట్టు! ఇది చదివితే ఆయన మీద గౌరవం తగ్గుతుంది. తగ్గనివ్వండి. కోర్టును అర్థం చేసుకోవడానికి అచ్చయిన వంద తీర్పుల కంటే ఆ ఒక్క మాట నాకు ఎక్కువ సాయం చేసింది.

ఆయన కోర్టు కాగితాలు హార్వర్డ్‌కు, సొంత కాగితాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేరాయి. 1970ల మొదట్లో ఆ లైబ్రరీలో చూసుకుంటే వెయ్యి పేజీలకు పైగా మాయం! ఎఫ్‌బీఐ వచ్చింది, విచారణ జరిగింది, దొంగ దొరకలేదు.

పోయినవాటిలో ఒక ఉత్తరం ఉందని పరిశోధకులు తేల్చారు. దాని కథ కోసం ఇంకో పెట్టె తెరవాలి. 1952లో జస్టిస్ జాక్సన్ దగ్గర పనిచేసిన కుర్ర లా క్లర్కు, బడుల్లో నల్లపిల్లల్ని వేరుగా కూర్చోబెట్టే కేసు మీద ఒక నోటు రాశాడు. వేర్పాటును సమర్థించిన 1896 నాటి ప్లెసీ తీర్పు సరైనదే, దాన్ని నిలబెట్టాలి అని దాని సారం. 1954లో కోర్టు ఏకగ్రీవంగా ఆ వేర్పాటును కొట్టేసింది. అదే ఏడు జాక్సన్ పోయారు. 1971లో ఆ క్లర్కునే సుప్రీంకోర్టుకు నామినేట్ చేస్తే, జాక్సన్ కాగితాల్లోంచి నోటు బయటపడింది. అది నా అభిప్రాయం కాదు, జాక్సన్‌గారిది అన్నాడాయన. చచ్చినవాడు వచ్చి కాదంటాడా? జాక్సన్ దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన కార్యదర్శి మాత్రం అది అబద్ధమని నోరు విప్పింది. సెనేట్ వినలేదు. ఆయన జడ్జి అయ్యాడు, 1986లో ప్రధాన న్యాయమూర్తీ అయ్యాడు. పేరు విలియం రెన్‌క్విస్ట్.

జాక్సన్‌ను విమర్శిస్తూ అదే రెన్‌క్విస్ట్ 1955లో ఫ్రాంక్‌ఫర్టర్‌కు ఒక ఉత్తరం రాశాడు. పోయిన ఉత్తరం అదే. ఎవరు తీశారో ఎవరికీ తెలియదు, నేనూ ఎవరి మీదా నింద మోపడం లేదు. కాగితానికి తాళం లేకపోతే ఏమవుతుందో చెబుతున్నాను, అంతే.

ఇక 1993. ఆ బడి కేసును నల్లవాళ్ల తరఫున వాదించి గెలిచి, తర్వాత అదే కోర్టులో జడ్జి అయిన థర్‌గుడ్ మార్షల్ జనవరిలో పోయారు. ఆయన ఇచ్చిన అనుమతి ప్రకారం లైబ్రరీ వెంటనే కాగితాలు తెరిచింది. మే నెలలో పత్రికల నిండా అవే. అప్పుడు కోర్టులో ఎక్కువమంది జడ్జీల తరఫున లైబ్రరీకి మండిపడుతూ ఉత్తరం రాసిందెవరు? ఇలాగైతే ఇకముందు మా కాగితాలు మీకివ్వం అని బెదిరించిందెవరు? ప్రధాన న్యాయమూర్తి రెన్‌క్విస్ట్. పాత కాగితం ఒకసారి కరిచినవాడికి పాత కాగితమంటే వణుకుండదా మరి!

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అంటారు. 1947లో మన రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు అమెరికా వెళ్లి ఈ ఫ్రాంక్‌ఫర్టర్‌నే కలిశారు. చట్టాలు న్యాయంగా ఉన్నాయో లేదో తేల్చే అధికారం జడ్జీలకిస్తే అది ప్రజాస్వామ్యం కాదు, కోర్టులకూ మోయలేని బరువు అన్నాడు ప్రొఫెసర్‌గారు. రావు తిరిగొచ్చారు. ముసాయిదాలోంచి ఆ అధికారమిచ్చే 'డ్యూ ప్రాసెస్' అనే మాట పోయి, జపాన్ రాజ్యాంగం నుంచి తెచ్చిన 'చట్టం నిర్దేశించిన విధానం' వచ్చింది. మన నెల్లూరు జిల్లా బిడ్డ అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఆ మార్పును సమర్థించారు. ఫలితం 1950లో ఎ.కె. గోపాలన్ కేసులో తేలింది. చట్టమంటూ ఉంటే చాలు, విచారణ లేకుండా జైల్లో పెట్టినా చెల్లుతుందని. ఆ రోజుల్లో మన కమ్యూనిస్టులెందరో ఆ నిర్బంధాన్ని ఒంటిమీద చవిచూశారు. 1978లో మేనకా గాంధీ కేసు దాకా ఆ ముడి వీడలేదు. ఇంత కథ మనకు తెలిసిందంటే, ఆ సంభాషణ సంగతి రావు రాసిపెట్టి పోబట్టే. ఆయనా తగలబెట్టి ఉంటే ఆ మాట ఉన్న 21వ అధికరణం ఆకాశం నుంచి ఊడిపడిందనుకునేవాళ్లం.

మరి మన జడ్జీల కాగితాలో? కేశవానంద భారతి కేసులో 13 మంది కూర్చుని 7-6గా చీలారు. ఎమర్జెన్సీలో హెబియస్ కార్పస్ అడిగితే ఐదుగురిలో నలుగురు తలవంచారు. ఆ గదుల్లో ఏం నడిచిందో చెప్పడానికి ఆత్మకథలు, గుసగుసలే దిక్కు. ఆ గుసగుసలను కూడా 1980ల్లో ఇంటింటికీ తిరిగి 60 మందికి పైగా జడ్జీలను అడిగి రాసుకున్నది ఎవరు? జార్జ్ గాడ్‌బోయిస్ అనే అమెరికా ప్రొఫెసర్. మన ఇంటి గుట్టు పొరుగింటివాడి నోటుపుస్తకంలో! ఇంకో వంక కోర్టు రికార్డులు ఎలా నాశనం చేయాలో చెప్పే చట్టం 1917 నుంచీ మన దగ్గర ఉంది. పేరు కూడా రికార్డుల విధ్వంస చట్టమే. తెల్లవాడు వదిలిపోయిన వాటిలో దీన్ని భద్రంగా కాపాడుకున్నాం.

జడ్జీలు భయపడి మనసు విప్పి మాట్లాడుకోరు, రాసుకోరు అని ఒక అభ్యంతరం ఉంది. దాన్ని నేను కొట్టిపారేయను. అందుకే రేపే తెరవమనడం లేదు. సమాచార హక్కు చట్టంలో 20 ఏళ్ల గడువు అనే మాట ఉంది కదా, జడ్జీలకు 25 చేయండి, కావాలంటే 30 చేయండి. గడువు మాత్రం చట్టం పెట్టాలి. ముద్దాయే తన కేసులో తీర్పు రాసుకున్నట్టు, తాళమూ ఆయనదే, చెవీ ఆయనదే, అగ్గిపెట్టే ఆయనదే అంటే కుదరదు. 2019 నవంబర్‌లో అయిదుగురు జడ్జీలు భారత ప్రధాన న్యాయమూర్తి కార్యాలయం కూడా సమాచార హక్కు కిందికి వస్తుందన్నారు. కార్యాలయం వస్తే బల్ల సొరుగు రాదా?

మొన్నామధ్య ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిన లా రిపోర్టర్ సంపుటం ఒకటి దొరికింది. మొదటి పేజీలో ఎప్పుడో రిటైరైన ఒక హైకోర్టు న్యాయమూర్తి సంతకం. లోపల అంచుల్లో పెన్సిల్ రాతలు. ఒకచోట ఒక తీర్పు పక్కన 'తప్పు' అని రాసి, కింద రెండు గీతలు కొట్టి ఉంది. ఆ తీర్పు రాసినవారి పేరు చూశాను. సంతకమూ ఆయనదే. గుండె ఆగినంత పనైంది. ఈయనవి ఇంకేమైనా ఉన్నాయా అని అమ్మేవాణ్ణి అడిగాను.

"రెండు సంచులు ఉండె సార్, అన్నీ చేతిరాతవే. చేతిరాతవి ఎవలు కొంటరు? తూకానికి పోయినయ్."