చెవులు మూసుకుని ఘాటు దిగొద్దు



సంక్రాంతి సెలవులు దగ్గర పడుతున్నాయి. మనలో చాలామందిని అన్నలు, బావలు, మావయ్యలు బండి మీద వచ్చి తీసుకుపోతారు. అందుకే ఈ సంగతి ఇప్పుడే రాస్తున్నాను. చదివాక కోపం వస్తే నా దగ్గరకొచ్చి వాదించండి, కాగితం మాత్రం చింపకండి.

నా అభిప్రాయం ఒక్కటే. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మోటారు సైకిలు నడపకూడదు. ఎక్కడైనా అది తప్పే. మన ఏజెన్సీ రోడ్ల మీద మరీ తప్పు.

ఎందుకంటే, మైదానంలో రోడ్డు తిన్నగా ఉంటుంది. వచ్చే బండి దూరం నుంచే కనబడుతుంది. మన పాడేరు ఘాటులో మలుపు అవతల ఏముందో కంటికి తెలియదు, చెవికే తెలుస్తుంది. మలుపుల దగ్గర హారన్ కొట్టమని బోర్డులు పెట్టింది అందుకే. కొట్టేవాడు కొట్టినా వినేవాడు లేకపోతే ఆ బోర్డు దేనికి? ఇరుకు కొండ రోడ్డులో దిగే బండి ఆగి, ఎక్కే బండికి దారి ఇవ్వాలని రూలు కూడా ఉంది. కింద నుంచి లారీ మూలుగుతూ ఎక్కే మోత వినబడితేనే కదా, ముందుగా పక్కకు ఆగేది!

ఇక చలికాలం సంగతి మీకు చెప్పక్కర్లేదు. పొద్దున్నే మంచు దిగితే పది అడుగుల దూరంలో ఆవు కనబడదు. దాని మెడలోని గంట వినబడుతుంది. ఆ గంట కట్టిందే వినడానికి.

నా సొంత అనుభవం చెబుతాను. పోయిన దసరా సెలవులకు మా బావ నన్ను తీసుకువెళ్ళాడు. ఇయర్‌ఫోన్ ఒకటి ఆయన చెవిలో, రెండోది నా చెవిలో. పాట పెట్టమన్నది నేనే. ఘాటు దిగుతుంటే ఒక మలుపులో బస్సు ఎదురుగా వచ్చింది. బావ బండిని కొండ వైపు కాలువలోకి తిప్పేశాడు. మోకాళ్ళు చెక్కుకుపోయాయి, ప్రాణం మిగిలింది. డ్రైవరుగారు దిగి తిట్టలేదు. “ఎన్నిసార్లు కొట్టాన్రా బాబూ హారను, ఇనబడలేదేటి?” అని మాత్రం అడిగారు. బావ తల దించుకుని, “ఇనబడిందండి, ఎనకాల బండి అనుకున్నాను” అన్నాడు.

“ఒక చెవే కదా, రెండోది ఖాళీగా ఉంది కదా” అనేవాళ్ళు ఈ మాట బాగా ఆలోచించాలి. శబ్దం ఏ పక్క నుంచి వస్తున్నదో తెలియాలంటే రెండు చెవులూ కావాలి. ఒక చెవితో హారను వినబడుతుంది గాని, ఎటు నుంచో సరిగా తెలియదు. మాకు జరిగింది అదే.

ఇప్పుడు చిన్న లెక్క. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. ఇరవై మీటర్ల అవతల బస్సు కనబడితే మనకున్నది రెండు సెకన్లు కూడా కాదు, ఎందుకంటే బస్సూ మన వైపే వస్తుంది. హారను ముందే వింటే వేగం ముందే తగ్గుతుంది. పైగా బండి వేగం పెరిగేకొద్దీ చెవుల దగ్గర గాలి హోరు పెరుగుతుంది. ఆ హోరులో పాట వినబడాలని సౌండు పెంచుతారు. ఇక హారను ఏం వినబడుతుంది? బ్రేకు కీచుమన్నా, చైను టకటకలాడినా తెలియదు. మెకానిక్కు కూడా ముందు చెవి పెట్టే రోగం కనిపెడతాడు.

కొందరు మిత్రులు నాతో వాదించారు. చెవుడు ఉన్నవాళ్ళు నడపడం లేదా అన్నారు. నిజమే. పరీక్ష పాసయితే వారికీ లైసెన్సు ఇవ్వవచ్చని 2011లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. కాని వారికి తమకు వినబడదని తెలుసు. అందుకని అద్దంలో, అటూ ఇటూ చూసుకుంటూ నడుపుతారు. పాట వినేవాడు తనకు అన్నీ వినబడుతున్నాయని అనుకుంటాడు. ప్రమాదం అక్కడే ఉంది. హెల్మెట్ పెట్టుకున్నా వినబడదు కదా అని ఇంకొకరన్నారు. హెల్మెట్ శబ్దాన్ని కొంచెం తగ్గిస్తుందేమో గాని చెవిలో వేరే శబ్దం పోయదు. తల పగలకుండా కాపాడుతుంది కూడా.

2023 ఆగస్టులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బండి నడిపితే 20,000 రూపాయలు ఫైను అని ఫోన్లలో ఒక వార్త తిరిగింది. మా ఊళ్ళో కుర్రాళ్ళందరూ తీసి జేబులో పెట్టేశారు. అది నిజం కాదని రవాణా శాఖవారు చెప్పగానే మళ్ళీ పెట్టుకున్నారు. అంటే మన భయం ఫైనుకే గాని ప్రాణానికి కాదన్నమాట. ఇది నాకు చాలా సిగ్గుగా అనిపించింది. మలుపు అవతల బస్సు చలానా రాయదు కదా!

మనకు ఇంకా 18 ఏళ్ళు నిండలేదు, గేరు బండికి లైసెన్సు రాదు. వెనక కూర్చునేవాళ్ళం మనం ఏం చేయగలం అంటారా? అడగగలం. బండి ఎక్కే ముందు “బావా, చెవిలోది తియ్యి” అని అడుగుదాం. ఇప్పుడు వైరు లేని బుడిపెలు వచ్చాయి, మంకీ టోపీ కింద కనబడవు. కాబట్టి టోపీ ఎత్తి చూపించమందాం. పెద్దవాళ్ళను అడిగితే కోప్పడతారని భయపడొద్దు. ఆ రోజు నేను అడగలేదు సరికదా, పాట పెట్టమన్నాను.

వార్డెను సార్లకు ఒక మనవి. సెలవుల రిజిస్టరులో సంతకం పెట్టించేటప్పుడే, ఇయర్‌ఫోన్లు తీస్తేనే పిల్లల్ని పంపుతామని గట్టిగా చెప్పండి. మీ మాట వాళ్ళు వింటారు.

ఇంకొక మాట. మోకాలి దెబ్బ ఏమిటని అమ్మ అడిగితే, బండి జారిందని నేనూ బావా అబద్ధం చెప్పాం. ఈ సెలవులకు వెళ్ళి నిజం చెబుతాను. ఈసారి కూడా బావే వస్తున్నాడు. పాటలు ఇంటికెళ్ళాక వింటాం.

ఇట్లు
మీ తోటి విద్యార్థి,
తొమ్మిదవ తరగతి