ఇంటి వై-ఫైలో మొబైల్ కాల్: సౌకర్యం సరే, బాధ్యత ఎవరిది?

మొబైల్ ఫోన్‌లో మాట్లాడాలంటే దగ్గరలో ఆ సంస్థ టవరు ఉండి తీరాలన్న నియమం భారతదేశంలో సామాన్య వినియోగదారుల విషయంలో 2019 డిసెంబరు దాకా కొనసాగింది. ఆ నెల 10న ఎయిర్‌టెల్ ఢిల్లీ రాజధాని ప్రాంతంలో వై-ఫై కాలింగ్‌ను ప్రారంభించి, కొద్ది రోజుల్లోనే ఆంధ్రప్రదేశ్ సహా మరికొన్ని సర్కిళ్లకు విస్తరించింది. టెలికాం లెక్కల్లో తెలంగాణ కూడా ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోనిదే కాబట్టి ఆ సదుపాయం రెండు తెలుగు రాష్ట్రాలకూ ఒకేసారి వచ్చింది. 2020 జనవరి 8న జియో దేశమంతటా ఇదే సేవను ప్రకటించగా, వొడాఫోన్ ఐడియా ఆ ఏడాది చివర్లో కొన్ని సర్కిళ్లతో మొదలుపెట్టింది. ఎయిర్‌టెల్ తొలుత తన సొంత బ్రాడ్‌బ్యాండ్ ఉన్న ఇళ్లకే దీన్ని పరిమితం చేసింది. ఏ సంస్థ వై-ఫై అయినా పనికొస్తుందని జియో ప్రకటించిన తరుణంలోనే ఆ షరతు సడలిపోయింది. చిన్నదిగా కనిపించే ఈ మార్పులోనే అసలు విషయం ఉంది. కాల్‌ను మోసే దారి ఎవరిదైనా కావచ్చునని టెలికాం సంస్థలు ఆనాడే ఒప్పుకున్నాయి. ఆ దారి బాగోగులకు ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్నకు మాత్రం సమాధానం నేటికీ స్పష్టంగా లేదు.

వాట్సాప్ వంటి యాప్‌ల ద్వారా చేసే కాల్‌కూ, వై-ఫై కాలింగ్‌కూ తేడా ఉంది. యాప్‌లో మాట్లాడాలంటే అవతలి వ్యక్తి దగ్గర కూడా అదే యాప్, ఇంటర్నెట్ ఉండాలి. వై-ఫై కాలింగ్‌లో ఫోన్ మామూలు డయలర్ నుంచే, మామూలు పదంకెల నంబరుతోనే కాల్ వెళుతుంది. అవతలి వ్యక్తి చేతిలో పాత బటన్ ఫోన్ ఉన్నా, ఇంట్లో ల్యాండ్‌లైన్ ఉన్నా మోగుతుంది. బిల్లు రీచార్జ్ ప్లానులోని నిమిషాల కిందే పడుతుంది. మాట్లాడే ఇద్దరిలో ఎవరికీ దారి మారిన సంగతి తెలియనక్కరలేదు, ఫోన్ తెర పైభాగాన కనిపించే చిన్న గుర్తు తప్ప.

దీని వెనుక జరిగే పని మాత్రం చిన్నది కాదు. టవరు సిగ్నల్ బలహీనపడి వై-ఫై అందుబాటులో ఉన్నప్పుడు, ఫోన్ ఇంటర్నెట్ ద్వారా తన టెలికాం సంస్థకు చెందిన ఈపీడీజీ అనే ప్రత్యేక ద్వారాన్ని వెతుక్కుంటుంది. సంస్థ నమ్మకానికి బయట ఉన్న నెట్‌వర్క్ నుంచి వచ్చే ఫోన్లను పరీక్షించి లోపలికి పంపే గేట్‌వే ఇది. సిమ్‌లో దాగిన రహస్య సంకేతం ఆధారంగా ఆ చందాదారు ఎవరో నిర్ధారణ కాగానే, ఫోన్‌కూ ఆ ద్వారానికీ మధ్య ఐపీసెక్ అనే గుప్త మార్గం ఏర్పడుతుంది. మాటలన్నీ ఆ మార్గంలోనే సాగుతాయి కాబట్టి నడుమ ఉన్న రూటరుకు గానీ, బ్రాడ్‌బ్యాండ్ ఇచ్చే కేబుల్ ఆపరేటరుకు గానీ అవి వినపడవు. ద్వారం దాటిన తరువాత కాల్‌ను నడిపించేది ఐఎంఎస్, అంటే డేటా పొట్లాలుగా మారిన మాటను నడిపే కేంద్ర వ్యవస్థ. 4జీలో కాల్స్‌కు ఆధారమైన వోల్టేకి కూడా మూలం ఇదే. అందువల్ల ఈ కేంద్ర వ్యవస్థ లేని సంస్థ ఇలా వై-ఫై కాలింగ్ ఇవ్వడం దాదాపు అసాధ్యం. 2025 సెప్టెంబరు 27న గానీ స్వదేశీ 4జీ వ్యవస్థను లాంఛనంగా జాతికి అంకితం చేయలేకపోయిన బీఎస్ఎన్ఎల్ ఈ వరుసలో చివరన నిలవడానికి కారణం అక్కడే ఉంది.

ఈ ఆలోచన భారతదేశానికి కొత్త గానీ ప్రపంచానికి కాదు. లైసెన్సు అక్కరలేని తరంగాలపై మొబైల్ సేవ అనే అర్థంలో యూఎంఏగా పిలిచే పద్ధతిని 3జీపీపీ ప్రమాణాల సంస్థ 2005 నాటికే తన పత్రాల్లో చేర్చుకుంది; 2007లో అమెరికాలో టీ-మొబైల్ దాన్ని దేశవ్యాప్తంగా అమ్మకానికి పెట్టింది. ఆ దేశంలోని పెద్ద సంస్థలతో పోలిస్తే గోడలను చీల్చుకు వెళ్లగల తక్కువ పౌనఃపున్యపు తరంగాలు టీ-మొబైల్ దగ్గర అప్పట్లో లేకపోవడం, ఇళ్లలో దాని సిగ్నల్ బలహీనమన్న పేరుండడం యాదృచ్ఛికం కాదు. 2014లో ఐఫోన్ ఎనిమిదో ఐఓఎస్‌తో ఈ సదుపాయాన్ని స్వీకరించినప్పుడు కూడా ముందుకు దూకింది ఆ సంస్థే. బలమైన నెట్‌వర్క్ ఉన్న ఏటీ అండ్ టీ 2015 అక్టోబరులో గానీ రాలేదు. వినికిడి లోపం ఉన్నవారు వాడే టెలిటైప్ పరికరాలు ఈ పద్ధతిలో సరిగా పనిచేయవు కాబట్టి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నుంచి మినహాయింపు వచ్చేదాకా అది ఆగింది, పోటీదారులు అలాంటి అనుమతి లేకుండానే నడుపుతున్నారని ఫిర్యాదు కూడా చేసింది. ఇంటిలోపల సిగ్నల్ అందించలేని సంస్థకే వై-ఫై కాలింగ్ ముందుగా కావలసివచ్చిందన్నది ఈ చరిత్రలోని అసలు పాఠం.

ఇంటిలోపలి సిగ్నల్ సమస్యకు మూలం భౌతికశాస్త్రంలో ఉంది. తరంగం పౌనఃపున్యం పెరిగే కొద్దీ గోడలు దాటే శక్తి తగ్గుతుంది. 850 లేదా 900 మెగాహెర్ట్జ్ సిగ్నల్ రెండు గోడలు దాటి వచ్చే చోట, 4జీకి విరివిగా వాడే 2300 మెగాహెర్ట్జ్ సిగ్నల్ తడబడుతుంది. 5జీకి కేటాయించిన 3300 మెగాహెర్ట్జ్ బ్యాండు ఇంకా త్వరగా ఓడిపోతుంది. దీనికి తోడు హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నాల్లో గత రెండు దశాబ్దాలుగా వచ్చిన అపార్టుమెంట్లలో ఇనుప చువ్వలు దట్టంగా నింపిన కాంక్రీటు స్లాబులు, గోడలు, కార్యాలయాలకు వేడిని ఆపే పూత వేసిన అద్దాలు సర్వసాధారణమయ్యాయి. లోహం, తడి, మందమైన కాంక్రీటు మూడూ రేడియో తరంగాలకు శత్రువులే. బాల్కనీలో నాలుగు గీతలు చూపించే ఫోన్ లోపలి పడకగదిలో ఒక్క గీతకు దిగజారడం, సెల్లారులో పూర్తిగా మూగబోవడం టవరు లోపం వల్లనే కానక్కరలేదు.

దీనికి విరుగుడుగా సంస్థలు భవనాల లోపల చిన్న యాంటెనాల వ్యవస్థను ఏర్పాటు చేయవచ్చు, లేదా టవర్లను దగ్గర దగ్గరగా వేయవచ్చు, రెండూ ఖరీదైనవే. పైగా 2022 నాటి వేలంలో సంస్థలన్నీ కలిసి తరంగాలకు చెల్లించేందుకు అంగీకరించిన మొత్తమే లక్షా యాభై వేల కోట్ల రూపాయలు దాటింది. అదే సమయంలో వై-ఫైకి వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండుకు లైసెన్సూ లేదు, వేలమూ లేదు. ఆ తరంగాల మీద నడిచే రూటరును చందాదారు కొంటాడు, దానికి కరెంటు బిల్లు చందాదారు కడతాడు, బ్రాడ్‌బ్యాండ్ నెలసరి రుసుమూ చందాదారుదే. ఐదు నిమిషాల కాల్‌కు ఐదు ఎంబీ కన్నా తక్కువ డేటానే ఖర్చవుతుందని ఎయిర్‌టెల్ ప్రారంభంలోనే చెప్పింది కాబట్టి ఆ భారం పెద్దదని వాదించడం అతిశయోక్తే అవుతుంది. అయితే భారం చిన్నదైనంత మాత్రాన బదిలీ జరగలేదని కాదు. టవరు అందని చోట నెట్‌వర్క్‌లోని ఆఖరి పది మీటర్లను వినియోగదారే తన ఖర్చుతో నిర్మించుకుంటున్నాడు. రీచార్జ్ ధరలో దానికి మినహాయింపు ఏమీ లేదు.

ఈ సంస్థలే కొంతకాలం కిందట ఇంటర్నెట్ ద్వారా టెలిఫోన్ సేవలను వ్యతిరేకించాయన్నది మరచిపోకూడదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 అక్టోబరు 24న ఇచ్చిన సిఫార్సుల్లో, కాల్ సేవను దాన్ని మోసే నెట్‌వర్క్ నుంచి విడదీయవచ్చని, లైసెన్సు ఉన్న సంస్థ ఇతరుల ఇంటర్నెట్ మీద కూడా కాల్స్ అందించవచ్చని స్పష్టం చేసింది. టెలికాం శాఖ 2018 జూన్‌లో లైసెన్సు షరతులను ఆ మేరకు సవరించింది. వెంటనే బీఎస్ఎన్ఎల్ 'వింగ్స్' పేరుతో సిమ్ లేకుండా యాప్ ద్వారా నడిచే కాలింగ్ సేవను ప్రకటించగా, ప్రైవేటు ఆపరేటర్ల సంఘం అభ్యంతరం తెలిపింది. ఏడాదిన్నర తిరగకముందే అదే సవరణ తెరిచిన తలుపులోంచి ప్రైవేటు సంస్థలు వై-ఫై కాలింగ్‌ను తెచ్చాయి. వ్యాపారంలో ఇది తప్పేమీ కాదు గానీ, నియంత్రణ వాదాల్లో సూత్రాల పేరుతో వినిపించేది చాలాసార్లు లాభనష్టాల లెక్కేనని ఈ ఉదంతం చెబుతుంది.

ఫోన్ మోడల్‌ను బట్టి సేవ ఉండడం, లేకపోవడం చాలామందిని తికమకపెట్టే విషయం. వై-ఫై ఉన్న ప్రతి ఫోన్‌లోనూ ఈ సదుపాయం పనిచేయదు. ఏ సంస్థ ద్వారం ఎక్కడుందో, ఏ నియమాలతో నమోదు కావాలో తెలిపే అమరికలను ఫోన్ తయారీదారు ఆ సంస్థతో కలిసి పరీక్షించి సాఫ్ట్‌వేర్‌లో పొందుపరచాలి. జియో తన ప్రకటన నాటికి 150కి పైగా మోడళ్లలో పనిచేస్తుందని చెప్పింది. విదేశంలో కొని తెచ్చిన ఖరీదైన ఫోన్‌లో స్థానిక సిమ్ వేస్తే సెట్టింగుల్లో వై-ఫై కాలింగ్ అన్న వరుసే కనిపించకపోవడానికి కారణం తరచుగా ఇదే.

పనిచేసే ఫోన్ ఉన్నా అడ్డంకులు తొలగిపోవు. కరెంటు పోతే రూటరు ఆగుతుంది, రూటరుతో పాటు కాల్ కూడా. ఇన్వర్టరు గానీ రూటరుకు చిన్న యూపీఎస్ గానీ లేని ఇంట్లో వర్షాకాలపు రాత్రి ఇది అనుభవమే. హాస్టళ్లు, రైల్వే స్టేషన్లలోని వై-ఫై ముందుగా నంబరు, ఓటీపీ అడిగే పేజీ దాటితే గానీ ఇంటర్నెట్ ఇవ్వదు కాబట్టి ఫోన్ తన ద్వారాన్ని చేరలేదు. కొన్ని కార్యాలయాల ఫైర్‌వాల్‌లు ఐపీసెక్ వాడే 500, 4500 పోర్టులను మూసేస్తాయి, దాంతో బ్రౌజర్ బాగా నడుస్తున్నా కాల్ మాత్రం వై-ఫై మీదికి రాదు. మాట్లాడుతూ ఇంటి గేటు దాటినప్పుడు కాల్ వై-ఫై నుంచి వోల్టేకి తెగకుండా మారగలదు. బయట 4జీ లేక 2జీ మాత్రమే ఉన్న చోట ఆ మార్పిడి సాధ్యం కాక తెగిపోతుంది. ఫైబర్ చేరినా టవరు సిగ్నల్ సరిగా లేని గ్రామాలకు ఈ సేవ నిజంగా వరమే అయినా, గడప దాటగానే ఆ వరం ముగుస్తుంది.

వీటన్నిటికన్నా తీవ్రమైనది అత్యవసర కాల్. 112కు టవరు ద్వారా కాల్ వెళితే, ఏ టవరు పరిధి నుంచి వచ్చిందో నెట్‌వర్క్‌కు తెలుసు కాబట్టి స్థలాన్ని ఉజ్జాయింపుగానైనా గుర్తించవచ్చు. వై-ఫై ద్వారా వెళ్లే కాల్‌లో నెట్‌వర్క్‌కు కనిపించేది ఇంటర్నెట్ చిరునామా మాత్రమే, అది పోలీసులకు గానీ అంబులెన్సుకు గానీ ఇంటి గుమ్మం చూపించదు. అందుకే ఫోన్లు అత్యవసర కాల్‌కు ముందుగా టవరునే వెతుకుతాయి, ఏ సంస్థ టవరైనా సరే. అమెరికాలో వై-ఫై కాలింగ్‌ను ఆన్ చేసేటప్పుడే ఇంటి చిరునామా నమోదు చేయమని సంస్థలు అడుగుతాయి. ట్రాయ్ 2017లో అత్యవసర సేవను ప్రోత్సహించాలని చెప్పినా అప్పటికి దాన్ని తప్పనిసరి చేయలేదు; పరిమితులను చందాదారుకు తెలియజేస్తే చాలంది. కొత్త సేవకు తొలి రోజుల్లో ఇచ్చిన ఆ వెసులుబాటు, కోట్లాది ఫోన్లలో ఆ సేవ స్థిరపడిన తరువాత కూడా కొనసాగడం సమంజసం కాదు.

విదేశాల్లోని తెలుగువారికి ఈ సేవ మరో రూపంలో పరిచయం. డాలస్ నుంచి సెలవులకు హైదరాబాద్ వచ్చినవారు తమ అమెరికా సిమ్‌తో ఇంటి వై-ఫై మీద అమెరికా నంబర్లకు అదనపు రుసుము లేకుండా మాట్లాడగలరు. అక్కడి ప్రధాన సంస్థలు దీన్ని స్వదేశీ కాల్‌గానే లెక్కిస్తాయి. భారతీయ సిమ్‌తో అక్కడికి వెళ్లినవారికి అంత సులువు కాదు. విదేశం నుంచి వచ్చే కాల్ అంతర్జాతీయ గేట్‌వే ద్వారానే దేశంలోకి రావాలని, దానికి నిర్ణీత రుసుము చెల్లించాలని, అలా వస్తుందని సంస్థ హామీ ఇవ్వలేకపోతే చందాదారుకు విదేశంలో ఈ సేవనే అనుమతించకూడదని ట్రాయ్ సిఫార్సు చేసింది. రుసుము ఎగవేతను, అక్రమ కాల్ మళ్లింపును ఆపడం ఆ నిబంధన ఉద్దేశం. దాని భారం మాత్రం బ్యాంకు ఓటీపీ కోసం భారతీయ నంబరును బతికించుకుంటున్న విద్యార్థి మీద కూడా పడుతుంది.

గుప్త మార్గం ఉందన్న భరోసాకూ పరిమితి ఉంది. 2024లో ఆస్ట్రియా, జర్మనీ పరిశోధకులు వివిధ దేశాల ఈపీడీజీ ద్వారాలను పరీక్షించగా, 13 టెలికాం సంస్థలు ఒకే తయారీదారు పరికరాల్లోని అవే పది రహస్య తాళాలను వాడుతున్నట్టు తేలింది; ఆ సంస్థల చందాదారులు సుమారు 14 కోట్ల మంది. తయారీదారు ఆ తరువాత లోపాన్ని సరిదిద్దినా, సంస్థ చేసిన పొరపాటును చందాదారు ఏ సెట్టింగుతోనూ గుర్తించలేడని ఈ ఉదంతం చెబుతుంది.

ట్రాయ్ 2024లో తెచ్చిన సేవానాణ్యత నిబంధనలు సంస్థలు తమ కవరేజీ పటాలను వెబ్‌సైట్లలో ఉంచాలని ఆదేశించాయి. అదే ఏడాది అక్టోబరులో భవనాలకు డిజిటల్ అనుసంధానత రేటింగు ఇచ్చే నిబంధనలూ వచ్చాయి. రెండూ మంచి అడుగులే. అయితే సిగ్నల్‌ను కొలిచే డ్రైవ్ టెస్టు వాహనం తిరిగేది రోడ్ల మీద, పటంలో రంగు నిండేదీ ఆరుబయటే; కాల్ ఇబ్బంది పెట్టేది లోపలి గదిలో. వై-ఫై కాలింగ్ ఆ ఇబ్బందిని కప్పిపుచ్చిన మేరకు అది ఏ గణాంకానికీ చిక్కదు. కాబట్టి ప్రతి సర్కిల్‌లో మొత్తం కాల్స్‌లో వై-ఫై ద్వారా వెళ్లినవి ఎన్ని, వాటిలో తెగినవి ఎన్ని అన్న లెక్కను సంస్థలు విడిగా సమర్పించేలా ట్రాయ్ ఆదేశించాలి, 112 కాల్‌కు చిరునామా నమోదును తప్పనిసరి చేయాలి, విదేశాల్లో సేవ షరతులను రీచార్జ్ పేజీలోనే తెలుగులో చదువుకునేలా ఉంచమనాలి.