టీ ఎవరు తెస్తున్నారో చూడండి

 

ఈ ఎండాకాలం ఒక ఆఫీసులో నెల రోజులు ఇంటర్న్‌షిప్ చేశాను. నలుగురం చేరాం. మొదటి రోజే ఒక సారు ‘ఏ కోటా?’ అని అడిగారు. చెప్పాను. ఆ రోజు నుంచి ముగ్గురికి కంప్యూటర్ పని, నాకు జిరాక్సులు, టీలు. ఎవరూ తిట్టలేదు. నవ్వుతూనే పంపేవారు, నేనూ నవ్వుతూనే వెళ్లేవాడిని.

పదిమందిలో కులం పేరుతో తిడితే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. ఉద్యోగంలో అన్యాయం జరిగితే జాతీయ ఎస్టీ కమిషన్‌కు రాయొచ్చు. ఇవి అందరం తెలుసుకోవాలి. కానీ టీ తెమ్మన్నారని ఎవరికి రాస్తాం? ఆఫీసు అలవాటు రూల్స్‌లో కనబడదు. ఎవరిని ‘మీరు’ అంటారు, ఎవరికి పని నేర్పుతారు, అందులో ఉంటుంది. నేర్పనివాళ్లే రేపు ‘వీళ్లకి పని రాదు’ అంటారు.

మరి నేనెందుకు నోరు విప్పలేదు? హాస్టల్‌కి వచ్చాక అర్థమైంది. సీనియర్ ‘ఒరేయ్, బకెట్ నింపు’ అంటే మారు మాట్లాడకుండా నింపడం ఇక్కడే నేర్చుకున్నా. ఇప్పుడు నేనే జూనియర్లతో నింపిస్తున్నా. మన మీటింగుల్లోనూ అంతే. మాట్లాడేది సీనియర్లు, కుర్చీలు వేసేది ఫస్టియర్ తమ్ముళ్లు, చెల్లెళ్లు వెనక వరసలో.

వచ్చే మీటింగ్ నుంచి కుర్చీలు, టీ వంతులవారీగా చూసుకుందాం. ముందు ఫస్టియర్ వాళ్లని మాట్లాడనిద్దాం. ఇక్కడ ‘కాదన్నా’ అనగలిగిన తమ్ముడే రేపు ఆఫీసులో ‘సార్, నాకూ పని నేర్పండి’ అని అడుగుతాడు.

నిన్నటి నుంచి నా బకెట్ నేనే నింపుకుంటున్నా. మీరేమంటారు?