పొద చిట్టెలుక కోసం ఒక మాట

ఈ వారం నా నోటుబుక్కులో ఎలుకల మాటలు రాసుకున్నాను. ఎలుక, చిట్టెలుక, చుంచు, పందికొక్కు. ఇంగ్లీషులో బాండికూట్ అనే మాట మన పందికొక్కు నుంచే వచ్చింది. డర్బన్‌లో ఇంగ్లీషు బడిలో చదివిన నాకు ఆ సంగతి అరవై దాటాక తెలిసింది. నా తెలుగులో తప్పులుంటే దిద్దండి.

ఈ మాటలు నేర్చుకోవడానికి కారణం ఉంది. నేను సేవ చేసే గుడి వెనక కొంచెం అడవి ఉంది. సముద్రం దగ్గరే. దాన్ని కొట్టేసి కార్లు పెట్టుకునే చోటు చెయ్యాలని కమిటీలో మాట వచ్చింది. నేను వద్దంటున్నాను.

పోయిన నెల ఒక రాత్రి గేటుకి తాళం వేస్తుంటే, టార్చి వెలుగులో కొమ్మ మీద చిన్న ప్రాణి కనిపించింది. వీపు ఎర్రమట్టి రంగు, పొట్ట తెలుపు. తోక ఒంటి కంటే చాలా పొడుగు. మా మనవరాలు ఫోటో తీసింది. తెలిసినవాళ్ళు చూసి వుడ్‌ల్యాండ్ మౌస్ అన్నారు. ఇది రాత్రి పూట తిరుగుతుంది, ఎక్కువగా కొమ్మల మీదే. పళ్ళు, గింజలు, ఆకులు తింటుంది. పొదల్లో గడ్డితో గూడు కట్టుకుంటుంది. తెలుగులో దీనికి పేరు దొరకలేదు. నేను పొద చిట్టెలుక అంటున్నాను.

కమిటీలో ఒక అన్నగారు నవ్వారు. "కొట్టు గదిలో బియ్యం తినే ఎలుకలు చాలవా?" అన్నారు. అన్నగారూ, అది వేరే ఎలుక. దాని పుట్టిల్లు ఇండియా వైపు. మన పెద్దల్లాగే ఓడలెక్కి దేశాలు తిరిగింది. పొద చిట్టెలుక ఇక్కడిదే. మనం రాక ముందు నుంచీ ఇక్కడే ఉంది.

1860 నుంచి 1911 వరకు లక్షన్నర మందికి పైగా మనవాళ్ళు ఇండియా నుంచి నాటాల్‌కి వచ్చారు. ఎక్కువ మంది చెరకు తోటలకి. ఆ చెరకు కోసమే ఈ తీరంలో అడవి చాలా పోయింది. తర్వాత రోడ్లు, ఇళ్ళు వచ్చాయి. ఇప్పుడు ఉమ్‌హ్లాంగా దగ్గర హవాన్ అడవి, ఊళ్ళో బర్మన్ బుష్, పిజన్ వ్యాలీ, ఇలా ముక్కలు మిగిలాయి. మా ముత్తాత చెరకు నరికాడు. అగ్రిమెంటు కూలీని అడవి ఉంచాలా వద్దా అని ఎవరూ అడగలేదు. మనల్ని అడుగుతున్నారు. చెయ్యెత్తి ఓటు వేసేది మనమే.

ఆ చెట్లు కూడా మనకి పరాయివి కావు. అక్కడి రెడ్ మిల్క్‌వుడ్ మన పొగడకి చుట్టం. జూలూలో ఉమ్‌డోని అనే చెట్టు నేరేడుకి చుట్టం. మా అవ్వ ఆ పళ్ళని నేరేడు పళ్ళనే అనేది.

కార్ల కష్టం నాకు తెలుసు. నాకూ మోకాళ్ళ నొప్పులు. కానీ గుడి ముందు చోటు నిండేది ఉగాదికి, పురటాసి శనివారాలకి. ఆ కొన్ని రోజులకి పక్క బడి మైదానం అడుగుదాం. గేటు దగ్గర చోటు పెద్దవాళ్ళకి ఉంచుదాం. కార్లకి ఇంకో చోటు దొరుకుతుంది. కొమ్మ నుంచి కొమ్మకి పోయే ప్రాణి తారు మీద ఎలా బతుకుతుంది?

వచ్చే ఆదివారం మీటింగు. అందరికీ అర్థం కావాలి కాబట్టి ఇంగ్లీషులోనే మాట్లాడతాను. పొద చిట్టెలుక అనే మాట మాత్రం తెలుగులోనే చెప్తాను. మీకు ఇంకా మంచి పేరు తోస్తే ఆలోగా నాకు రాయండి.