మతిమరుపు మందుల పరిశోధనలో మన లెక్క ఎక్కడ?

అల్జీమర్స్‌కు మందు వచ్చిందన్న వార్త 2023లో ప్రపంచమంతా తిరిగింది. లెకానెమాబ్ అనే ఆ మందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ ఏడాది జూలైలో పూర్తి అనుమతి ఇచ్చింది. జబ్బు తొలి దశలో ఉన్న 1,795 మందిపై 18 నెలలు జరిపిన ట్రయల్‌లో, మందు తీసుకున్నవారిలో క్షీణత 27 శాతం నెమ్మదించింది. జబ్బు నయం కాలేదు, ఆగలేదు, నెమ్మదించింది అంతే. ఏడాదికి ధర 26,500 డాలర్లు.

ఆ ట్రయల్ అనేక దేశాల్లో జరిగింది. అయినా అందులో నల్లజాతివారు 3 శాతం కూడా లేరు. అమెరికాలో తెల్లవారి కంటే నల్లజాతి వృద్ధులకు డిమెన్షియా ముప్పు దాదాపు రెట్టింపు అని అక్కడి అల్జీమర్స్ అసోసియేషన్ చెబుతోంది. జబ్బు భారం ఎవరిదో వారే పరిశోధనలో లేరన్నమాట. ఈ సంగతి బయటపడింది లెక్క పెట్టారు కాబట్టే. ప్రభుత్వ నిధులతో జరిగే వైద్య పరిశోధనల్లో స్త్రీలను, మైనారిటీ జాతులను చేర్చాలని అమెరికా 1993లోనే చట్టం చేసింది. మందుల కంపెనీలు కూడా జాతి వారీ వివరాలు ప్రకటిస్తాయి.

మన దేశంలో ట్రయల్స్‌లో పాల్గొన్నవారి కులం వివరాలు ప్రకటించాలన్న నిబంధన లేదు. అందుకే మనం అందులో ఉన్నామో లేమో కూడా తెలియదు. జబ్బుకు కులం ఉంటుందా అని కొందరు అడుగుతారు. మెదడు కణాలకు కులం లేదు. కానీ ఎవరు బడికి వెళ్లారో, ఎవరు ఏ పని చేశారో, ఎవరికి బీపీ మందు అందిందో కులమే నిర్ణయించింది.

2023లో వెలువడిన జాతీయ అధ్యయనం ప్రకారం, 60 ఏళ్లు దాటిన భారతీయుల్లో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. పట్టణాల్లో 5.3 శాతం, పల్లెల్లో 8.4 శాతం. స్త్రీలలో, చదువు లేనివారిలో ఎక్కువ. మన వాడల్లో బడి గడప తొక్కని అవ్వలు ఎందరో మనకు తెలుసు.

వారిని చేర్చుకుంటే శాస్త్రానికే మేలు. దానికి రుజువు హైదరాబాద్‌లోనే ఉంది. నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేలింది. చదువు లేనివారిలోనూ ఈ తేడా కనబడింది. అది చదువు ప్రభావం కాదు, భాషల ప్రభావమేనని గట్టిగా చెప్పగలిగింది నిరక్షరాస్యులను కూడా చేర్చుకున్నందుకే.

అయితే చేర్చుకుంటే చాలదు, ఎలా చేర్చుకున్నారన్నదీ ముఖ్యమే. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాను వేలాది బాలికలకు వేశారు. హాస్టళ్లలోని ఆదివాసీ పిల్లలూ వారిలో ఉన్నారు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టిన అంగీకార పత్రాలు బయటపడ్డాయి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. మతిమరుపు రోగి విషయంలో ఈ ప్రమాదం ఇంకా పెద్దది. తన తరఫున మరొకరు సంతకం పెట్టాల్సిన మనిషి ఆయన. బలహీన స్థితిలో ఉన్నవారిపై కొత్త మందు పరీక్షిస్తే అంగీకార ప్రక్రియను వీడియో తీయాలని 2019 నిబంధనలు అంటున్నాయి. అది అమలవుతోందో లేదో అడిగే హక్కు మనకుంది.

నివారణ సంగతికి వస్తే, 14 ముప్పులను తొలగిస్తే 45 శాతం డిమెన్షియాను ఆపవచ్చు లేదా ఆలస్యం చేయవచ్చని లాన్సెట్ కమిషన్ 2024లో లెక్కగట్టింది. చదువు లేమి, అధిక రక్తపోటు, మధుమేహం, వినికిడి లోపం, వాయు కాలుష్యం, ఒంటరితనం ఆ జాబితాలో ఉన్నాయి. వీటిలో చాలావాటికి మందు ఆస్పత్రిలో లేదు. బడిలో, రేషన్‌లో, కూలి రేటులో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉంది.

కాబట్టి మూడు డిమాండ్లు చేద్దాం. ట్రయల్స్‌లో పాల్గొన్నవారి వివరాలు పేర్లు లేకుండా కులం, లింగం, చదువు వారీగా ప్రకటించాలి. అంగీకార పత్రాన్ని రోగి కుటుంబానికి వారి మాటల్లో వివరించాలి. ఊళ్లలోనే బీపీ, షుగర్, వినికిడి పరీక్షలు చేసి ఉచితంగా మందులు, వినికిడి యంత్రాలు ఇవ్వాలి. పరిశోధన ఫలం ఎవరికి దక్కుతుందన్నది మన లెక్క రాసుకున్న రోజే తేలుతుంది.